మౌసు పట్టని చెయ్యి

'పాపం' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఓనరు ఢిల్లీబాబు నోట్లో ఆ మాట ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. నగరిలో ఆయనకు మరమగ్గాల షెడ్డు ఉంది. దాని ముందుగదిలో చీరల డిజైన్లు వేసే కంప్యూటరు షాపు ఉంది. డిజైన్లు వేసేది లీలావతి. వాటి ప్రకారం మగ్గానికి చిల్లుల అట్టలు గుద్దే మిషను నాది.

లీలావతి మొదట ఆ షెడ్డులోనే మగ్గం నడిపేది. మగ్గం బెల్టుకు మూత లేదు, వేయించన్నా అని అడిగి అడిగి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. మూత రాలేదు. ఒకరోజు ఆ బెల్టులో పడి కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు పోయాయి. గాయం మానాక ఢిల్లీబాబు ఆమెను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. "పాపమని పెట్టుకున్నా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. వేళ్ళు ఎక్కడ పోయాయో మాత్రం చెప్పలేదు.

ఆ చేతికి మౌసు లొంగలేదు. ఎడమచేత్తో పట్టుకుంటే బాణం గుర్తు తెర మీద తప్పతాగినవాడిలా తిరిగేది. ఏడ్చింది, తిట్టుకుంది, చివరికి ఫోనులో పాఠాలు చూసి పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుంది. నల్ల తెర మీద తను రాసుకున్న ప్రోగ్రాం పేరు, పక్కనే నేతగాడి పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఆయన డిజైను ఫైలు తెరుచుకునేది. వెనకే నూలు రంగులు చూపించే వెబ్ పేజీ వచ్చేది. ఇక పువ్వులు దిద్దడానికి ఎడమచెయ్యి, కీబోర్డు చాలు. మౌసు మూలన దుమ్ము కొట్టుకుపోయింది.

మా ఊళ్ళో డిజైను దొంగలకు కొదవలేదు. కొత్త అంచు మగ్గం ఎక్కేలోపే పక్క వీధిలో అదే చీర నేసేస్తారు. అందుకే డిజైను ఇచ్చిన నేతగాడు అది పూర్తయ్యేదాకా కంప్యూటరు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాస్తాడు.

మొన్న గురప్ప అనే నేతగాడు అలాగే కూర్చున్నాడు. లీలావతి ఆయన పేరు కొట్టింది. ఆయన నెమళ్ళ అంచు తెరుచుకుంది, వెంటనే రంగుల పేజీ వచ్చింది. గురప్ప లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, నా అంచు యాడికి పంపిస్తా ఉండావు?"

"యాడికీ లేదు మామా. ఇది నూలు రంగుల పేజీ, సూడు."

"నల్లదాంట్లో నా పేరు కొట్టినావు, ఎనకాలే నెట్టు తెరుచుకునింది. నాకు కండ్లు లేవా?"

ఢిల్లీబాబు వచ్చాడు. ఆమె రోజూ చేసే పని ఆయనకు తెలుసు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

"కోపం చేసుకోవద్దప్పా. పాపమని పెట్టుకున్నా," అన్నాడు. ఆమె వైపు తిరిగాడు. "రేపట్నించి మౌసుతో తెరిచేదైతే రా. లేకుంటే ఇంటికాడనే ఉండు."

నా చేతిలో అట్ట నలిగిపోయింది. ఈ పని పోతే ఆ చేత్తో ఆమెను ఏ మగ్గం దగ్గరికి రానిస్తారు?

లీలావతి ప్రోగ్రాం తెరిచి గురప్పకు చూపించింది.

"ఈ వరస ఫైలు తెరువు అంటాది మామా. ఈ వరస పేజీ తెరువు అంటాది. పంపించమని యాడా లేదు."

ఫైలు, పేజీ రెండూ మూసి, నెట్టు తీగ పీకేసి, మళ్ళీ గురప్ప పేరు కొట్టింది. నెమళ్ళ అంచు తెరుచుకుంది. రంగుల పేజీ మాత్రం రాలేదు. "నీ అంచు ఈ పెట్టెలోనే ఉండాది మామా, నెట్టు రంగులకే," అంది. గురప్ప కూర్చున్నాడు.

అప్పుడు ఆమె ఢిల్లీబాబు వైపు తిరిగి, ఎప్పుడూ కొంగు కింద దాచుకునే చెయ్యి బయటికి తీసింది.

"మౌసు పట్టే వేళ్ళు నీ షెడ్డులోనే పోయినాయి గదన్నా. అవి తెచ్చియ్యి. రేపట్నించి మౌసుతోనే తెరుస్తా."

గురప్ప ఆ చేతిని చూశాడు.

"నీ మగ్గంలోనా?" అన్నాడు ఓనరుతో.

"అదేదో ప్రమాదమప్పా..."

"బెల్టుకు మూత ఇప్పుడన్నా ఏసినావా?"

గోడ అవతల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"ఇంకా ఎయ్యలేదు మామా!" అని నేనే అరిచాను.

"అది ఏసేదాకా నా అట్టలు నీ షాపులో గుద్దొద్దు," అన్నాడు గురప్ప. "నా అంచును ఈ పిల్ల తప్ప ఇంకెవరూ తెరవకూడదు."