తమ్ముడి మోకాల్లో తాళంచెవి

మా పిన్ని మనిషిని చూడదు, బట్టను చూస్తుంది. ఎదుటివారి చొక్కా అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించుకుని నలిపి, "ఇంకెన్నాళ్ళొస్తుంది?" అంటుంది. చిరిగితే ముక్క తనకిమ్మని దాని అర్థం. పాతబట్టల ముక్కలు అతికి సంచీలు కుట్టడం ఆమె వ్యాపకం. మా వీధిలో సగం భుజాలకు అవే వేలాడుతుంటాయి. పోయిన ఏడాది నుంచి దీనికి ఇంకో జబ్బు తోడైంది. నలిపేటప్పుడు కళ్ళు మూసుకుంటోంది.

ఒకసారి జ్వరమొస్తే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పిన్ని నాడి పట్టుకున్నాడు. పిన్ని ఆయన ఉన్నికోటు మోచెయ్యి పట్టుకుంది.

"ఇంకెన్నాళ్ళండీ?" అంది కళ్ళు మూసుకుని.

"ఛ, అవేం మాటలమ్మా! మామూలు జ్వరమే."

"జ్వరం సంగతి కాదండీ. మీ కోటు."

ఆ కోటు తర్వాత మా ఇంటికే వచ్చింది. డాక్టరుగారు ఇష్టపడి ఇచ్చారో, ప్రాణం విసిగి వదిలించుకున్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పాతబట్టల కొట్లో పిన్ని గుట్టలోకి భుజాల దాకా చేతులు దూర్చి, రంగైనా చూడకుండా ఒక మఖమలు కోటు బయటికి లాగింది.

"అద్దం అటుందమ్మా, తొడుక్కుని చూసుకోండి" అన్నాడు కొట్టాయన.

"తొడుక్కోడానికి కాదు నాయనా, కాలరు కోసుకోడానికి."

మంచి కోటు పీక కోస్తానంటున్న మనిషికి అమ్మాలా వద్దా అని ఆయన చాలాసేపు తటపటాయించాడు.

అందరికన్నా కష్టం బాబాయిది. ఆయనకో ఉబ్బెత్తు గీతల కార్డురాయ్ ప్యాంటు ఉండేది, పెళ్ళికి ముందు నాటిది. ఆయన కుర్చీలోంచి లేచినప్పుడల్లా పిన్ని ఆశగా వెనక్కి వెళ్ళి చూసేది. చివరికి ఒకరోజు అది పర్రుమంది.

"మోకాళ్ళు చూడవే, కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి" అని పిన్ని నాకు చూపించి మురిసిపోయింది. "ఇంట్లో ఏ పనికీ వంగని మనిషితో ఇదో లాభం."

బాబాయి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇదంతా ఒకే ఒక్క సంచీ కోసం. అది ఎంతకీ తెమలదు, చూస్తే ఘోరంగా ఉంది. ఊదారంగు పక్కన చిలకపచ్చ, దాని పక్కన తువ్వాలు ముక్క.

"పిన్నీ, ఇది సంచీయా, అతుకుల బొంతా? ఒక రంగుకీ ఇంకో రంగుకీ మాటల్లేవు."

"రంగులు చూసేవాళ్ళకే" అని పిన్ని దారం పంటితో తెంపింది.

ఇంతలో అత్తయ్య సంగతి ముదిరింది. అత్తయ్యంటే బాబాయికి అక్క. మాతోనే ఉంటూ, బడిలో పిల్లలకు పాట నేర్పుతుంది. ఆమె కళ్ళు ఏడాదిగా మసకబారుతున్నాయి. దారి ఆమె కాళ్ళకు కంఠతా వచ్చు, పేచీ అంతా సంచీతోనే. ఒకరోజు బస్సులో పాసు కోసం తడుముకుని, తడుముకుని, సంచీ మొత్తం సీటు మీద బోర్లించింది. తాళంచెవి సీట్ల కిందికి దొర్లిపోతే ఎవరో వెతికిచ్చారు.

"ఇక చాలక్కా. రేపట్నుంచి బడి మానెయ్" అని బాబాయి తేల్చేశాడు.

ఎప్పుడూ ఏదో కూనిరాగం తీసే అత్తయ్య ఆ సాయంత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

మర్నాడు బడివేళకు పిన్ని ఆ ఘోరమైన సంచీ తెచ్చి అత్తయ్య ఒళ్ళో పడేసింది.

"లోపల చెయ్యి పెట్టి చూడు వదినా."

లోపలన్నీ అరలు. ఒక్కో అరకు ఒక్కో బట్ట. అత్తయ్య వేళ్ళు కదిలాయి, ఆగాయి.

"గీతలు గీతలుగా ఉంది... వీడి ప్యాంటు కదూ?"

"ఆ. తాళంచెవి మీ తమ్ముడి మోకాల్లో పెట్టాను. పాసు డాక్టరుగారి మోచేతిలో. మందులు మఖమలు కాలర్లో. కళ్ళజోడు తువ్వాల్లో."

పిన్ని ఏడాదిగా కళ్ళెందుకు మూసుకుంటోందో నాకప్పుడు వెలిగింది.

బాబాయి మాత్రం అంత సులువుగా లొంగలేదు. "పాసేదీ?" అన్నాడు. అత్తయ్య తల తిప్పకుండానే తీసి ఆయన ముక్కు ముందు ఆడించింది.

"తాళంచెవి?"

"నీ మోకాల్లో పెట్టుకుని నన్నడుగుతావేంరా?"

"సరే, చీకటి పడకముందే వచ్చెయ్" అని బాబాయి గొణిగాడు.

"ముందు వెళ్ళనీ. అక్కడ పిల్లలు అపశ్రుతులతో బడి కూల్చేస్తుంటారు" అంటూ అత్తయ్య సంచీ భుజాన వేసుకుని, మెట్లు దిగుతూనే రాగమెత్తుకుంది.

ఆ పాట వీధి మలుపు దాకా వినిపించింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుట్టుమిషను మీదున్న గుడ్డముక్క తీసి తుడుచుకోబోయాను.

పిన్ని చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఏడిస్తే ఏడువు గానీ, అది పట్టుగుడ్డ. ఇటివ్వు."