తూర్పుకి తిరిగిన నీడ గడియారం

మా అత్త నా చేతి వంట తినేది కాదు. ఈ సంగతి ముందే చెప్పేయాలి. నీడ గడియారాల గురించి నేను ఎప్పుడు ఎత్తుకున్నా మాట అక్కడికే వెళ్ళి ఆగుతుంది.

మాది సముద్రం మీద చేపలవేటతో బతికే ఇల్లు. వాళ్ళది పద్మనాభం అనే ఊరి దగ్గర వ్యవసాయం. మా ఆయన పోర్టులో క్రేన్ మీద పనిచేస్తూ, మునిసిపల్ స్కూల్లో పాఠాలు చెప్పుకునే నన్ను ఇష్టపడి, ఎవరెంత చెప్పినా వినకుండా పెళ్ళి చేసుకున్నాడు. అత్త పెళ్ళికి వచ్చింది, అక్షింతలు వేసింది, భోజనానికి మాత్రం కూర్చోలేదు. ఆ తర్వాత కొడుకుని చూసుకోవడానికి అప్పుడప్పుడూ వచ్చి నెలా, రెండు నెలలూ ఉండేది. వచ్చినప్పుడల్లా బట్టల మూటతో పాటు సొంత కుంపటి, సొంత గిన్నె తెచ్చుకునేది. వరండా మూల వండుకుని, తిని, గిన్నె కడిగి బోర్లించేది. నన్ను పల్లెత్తు మాట అనేది కాదు. అంటే తిరిగి అనొచ్చు. అనని మనిషిని ఏం చేస్తాం?

గడియారాల పిచ్చి నాకు పెళ్ళికి ముందే పట్టుకుంది. టీచర్ ట్రైనింగు చదివే రోజుల్లో వాల్తేరు అప్‌లాండ్స్‌లో ఒక పాత బంగళా తోటలోంచి అడ్డదారిన వెళ్ళేదాన్ని. బంగళా ఎవరిదో, అందులో ఎవరున్నారో నాకు తెలియదు. తోట నిండా జీడిమామిడి చెట్లు, వాటి మధ్య నడుమెత్తు రాతి స్తంభం, దాని మీద ఇత్తడి పళ్ళెం. పళ్ళెం మీద నిలబడ్డ ముల్లు నీడ అంకెల మీదుగా పడుతుండేది. ఓ మధ్యాహ్నం ఆ నీడ అంచున వేలు పెట్టి నిలబడ్డాను. వేలు కదపలేదు. నీడే నెమ్మదిగా వచ్చి నా గోరు మీదకి ఎక్కింది. కాలం నన్ను తాకిందని అనిపించింది. ఇప్పుడు చెబితే నవ్వుతారు, కానీ ఆ రోజు క్లాసుకి వెళ్ళలేదు. జీడిమామిడి ఆకుల మీద కూర్చుని, సముద్రం హోరు వింటూ, నీడ ఒక గీత నుంచి ఇంకో గీతకి నడిచేదాకా చూశాను.

ఉద్యోగం వచ్చాక మా ఊరి పాతపట్నంలో పాత సామాన్ల కొట్ల చుట్టూ తిరగడం మొదలైంది. విడగొట్టిన ఓడల సామాను, ఖాళీ అయిన బంగళాల సామాను అన్నీ అక్కడికే చేరేవి. దీపపు చిమ్నీలు, తలుపు గొళ్ళాలు, కాలు విరిగిన పియానో స్టూళ్ళ మధ్య నాకు కావలసింది వెతుక్కునేదాన్ని. ఒక కొట్టతను జేబులో పట్టే మడత నీడ గడియారాన్ని కుంకుమ భరిణె అనుకుని నిజంగానే కుంకుమ పోసి పెట్టాడు. లోపలి దిక్సూచి ముల్లు ఎర్రగా మారిపోయి, పాపం, ఉత్తరం వైపు తిరగడానికి నానా యాతన పడుతోంది. "ఊరవతల ఉక్కు ఫ్యాక్టరీయే వత్తంది, ఈ ఇత్తడి ముక్కలేటి సేసుకుంతారమ్మా?" అనేవాడతను. అసలైనవి దొరక్కపోతే వాటి బొమ్మలున్నవైనా తెచ్చేదాన్ని. మూత మీద గులాబీ తోటా, నీడ గడియారమూ అచ్చేసిన బిస్కట్ల డబ్బా ఒకటి, సున్నంతో పోసిన యాష్‌ట్రే ఒకటి, లోపల చిన్న సూర్యుడు తేలుతున్నట్టుండే గాజు గుండు ఒకటి. ఇంట్లో కిటికీ గట్లన్నీ నిండిపోయాయి.

ఆయన పనిలోంచి స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చినప్పుడల్లా నాకు వినబడేలా అనేవాడు: "ఇల్లంతా గడియారాలే బావా. టైముకి కూడు మాత్రం ఉండదు."

"ఉంటాది. మీ గడియారం తప్పు" అనేదాన్ని వంటింట్లోంచి.

అన్నిటిలోకీ నాకు ప్రాణం ఒక పెద్ద ఇత్తడి పళ్ళెం. అన్నం కంచమంత ఉంటుంది. నడుమ సూర్యుడి ముఖం చెక్కి ఉంది. ఉబ్బిన బుగ్గలు, మూతలు పడుతున్న కళ్ళు, చుట్టూ వంకీల కిరణాలు. అది ఇంగ్లండు ఎండకి కొలిచి చేసినది. మన ఊరి ఎండకి ఆ ముల్లు మరీ నిటారు. అందుకని దక్షిణం వైపు కింద చెక్కముక్క దోపి పైకెత్తి, ముల్లు ఉత్తరానికి చూసేలా డాబా పిట్టగోడ మీద పెట్టాను. అలా వాలుగా పెడితే రేడియోతో పోటీపడి టైము చెప్పేది. పోర్టు నుంచి ఖనిజం దుమ్ము వచ్చి రోజూ ఎర్రగా పేరుకునేది. పొద్దున్నే పైట చెంగుతో తుడిచి, నీడ ఎక్కడుందో చూసి, అప్పుడు స్కూలుకి బయల్దేరేదాన్ని.

ఎండాకాలం సెలవుల్లో మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి కూర్చోవడం నాకో అలవాటు. యారాడ కొండ వేడిగాలిలో కరిగిపోతున్నట్టు ఊగేది. ఓడ ఎక్కడో కూత వేసి ఊరుకునేది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజులు మన ఊళ్ళో ఏడాదికి రెండుసార్లు వస్తాయి. అప్పుడు నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. నేను లేచి నిలబడి చూసుకుంటే నా నీడ నా పాదాల కిందకి దూరిపోయి కనబడేది కాదు. అలా నీడ లేకుండా నిలబడితే నాకు ఊరూ పేరూ, పుట్టిల్లూ మెట్టిల్లూ ఏమీ లేనట్టుండేది. హాయిగా ఉండేది. కింద వరండాలోంచి అత్త కుంపటి పొగ వచ్చేదాకా.

ఆవిడ మొదటిసారి డాబా ఎక్కిన రోజే గొడవ మొదలైంది. పళ్ళెం ముందు ఆగిపోయి, చెంపలు వేసుకుంది.

"ఏటే ఇది? దేముణ్ణి ఇలగ వంకరగా కూకోబెడతారేటి?"

"దేముడు కాదత్తా. గడియారం."

"మొకం ఉంటే గడియారం ఎలగవుతాదే?"

నేను స్కూలు నుంచి వచ్చేసరికి చెక్కముక్క తీసేసి ఉంది. పళ్ళెం చదునుగా పడుకుని ఉంది. సూర్యుడి ముఖాన్ని, ఏ దేవుడికైనా తిప్పినట్టే, తూర్పుకి తిప్పింది. బుగ్గల మీద పసుపు, నుదుట బొట్టు, ముల్లుకి మందారం. నీడ సాయంత్రం నాలుగింటికి ఏ అంకె మీద పడాలో తెలియక ఎక్కడో అంచున వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పసుపు తుడిచేసి, చెక్కముక్క దోపి, ఉత్తరానికి తిప్పాను. మర్నాడు మళ్ళీ తూర్పు. నేను మళ్ళీ ఉత్తరం. ఆ ఏడూ, మరుసటేడూ, ఆవిడ మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇదే వరస. ఇద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. అసలు మాకు అంతకు మించిన సంభాషణే లేదు. ఒక్కోసారి సెలవు రోజున కూడా, పనేమీ లేకపోయినా, ఆవిడ తిప్పిందా లేదా అని చూడ్డానికే మెట్లెక్కేదాన్ని. తిప్పి ఉంటే కోపం వచ్చేది. తిప్పకపోతే ఒంట్లో బాగోలేదేమోనని కిందకి వచ్చి ఓరగా చూసేదాన్ని.

ఆవిడకి సూర్యుడితో ఉన్న లెక్క వేరు. మా ఆయనకి చిన్నప్పుడు కళ్ళకేదో జబ్బు చేసి చూపు నిలవదన్నారట. అప్పుడు సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది, నీ మొహం చూడనిదే మెతుకు ముట్టను, నా కొడుకు కళ్ళు కాపాడు అని. చూపు నిలిచింది. మొక్కూ నిలిచింది. ముసురు రోజుల్లో మబ్బు వెనక తెల్లటి బిళ్ళ లీలగా కనబడితే చాలు, గబగబా దణ్ణం పెట్టుకుని వచ్చి అన్నం తినేది.

దసరాలు వెళ్ళాక ఓ ఏడు తుఫాను పట్టింది. గాలి మొదలవగానే పళ్ళెంతో సహా నా సరంజామా అంతా లోపలికి చేరవేశాను. ఆయన డ్యూటీకి వెళ్ళి పోర్టులోనే చిక్కుకుపోయాడు. చెట్లు కూలి దారులు లేవు, కరెంటు లేదు. ఇంట్లో మేమిద్దరమే. పగలు కూడా లాంతరు వెలిగించుకున్నాం. బయట ఆకాశం, సముద్రం, వీధి అన్నీ ఒకే బూడిద రంగు. పొద్దున్నో సాయంత్రమో చెప్పడానికి ఇంటినిండా ఉన్న గడియారాల్లో ఒక్కటీ పనికి రాలేదు.

ఒక రోజు గడిచింది, రెండో రోజూ గడిచింది. సూర్యుడు లేడు. అత్త మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. కిటికీ రెక్క సందులోంచి ఆకాశం వైపు చూస్తూ చాప మీద కూర్చుంది. తర్వాత కూర్చోలేక గోడకి ఆనుకుంది. పెదాలు ఎండిపోయాయి. వరండాలో కుంపటి తడిసి బురదయింది.

"తినత్తా. కళ్ళు తిరిగి పడిపోతావు."

"ఆడు ఆ గాలిలో ఉన్నాడు. ఇప్పుడు మొక్కు తప్పమంటావేటే?"

ఆ గాలిలో ఉన్నది నా మొగుడు కూడా. మూడో రోజుకి ఆవిడ గొంతు సన్నగిల్లిపోయింది. నాకు భయం వేసింది. ఆయన తిరిగొచ్చి మా అమ్మేదీ అంటే ఏం చెప్పను? వెంటనే కోపమూ వచ్చింది. కిటికీ గట్ల మీదున్న సూర్యుళ్ళందరినీ తెచ్చి ఆవిడ ముందు చాప మీద పరిచాను.

"ఇదిగో సూర్యుడు. ఎంతమంది కావాలో సూసుకో. సూసి తిను."

ఆవిడ లాంతరు దగ్గరికి జరిపి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. గాజు గుండుని కంటికి ఆనించి చూసింది. "బిస్కట్ల డబ్బా మీద దేముడుంటాడేటే?" అని నవ్వింది. మా ఇంట్లో ఆవిడ నవ్వడం నేను అదే చూడ్డం. గాలి తలుపులు బాదుతుంటే, పగటి చీకట్లో లాంతరు వెలుగు ఆ ఇత్తడి బుగ్గల మీదా, ఆవిడ ముడతల మీదా ఒకేలా పడుతుంటే, మేమిద్దరం ఊరికి దూరంగా ఏదో ఓడలో కూర్చుని ఎక్కడికో పోతున్నామనిపించింది. చివరికి పెద్ద పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది.

"దీనికి రోజూ దణ్ణం పెడతన్నావు కదత్తా. మరి ఇది దేముడు కాదేటి?"

"దేముడే. నాకొక్కదానికే దేముడైతే సాలదే. నువ్వు రోజూ తిప్పేత్తన్నావు కదేటి. ఒకే ఇంట్లో నాకు దేముడూ, నీకు గడియారమూనా?"

నేను పీట వాల్చి, పళ్ళెం దాని మీద చదునుగా పెట్టాను. తూర్పు ఎటో నాకు తెలుసు, అయినా అడిగాను. ఆవిడ వేలు చూపించింది. ముఖం అటు తిప్పి, పసుపు అద్ది, రెండు చేతులూ జోడించాను. ఉత్త నటనే అనుకుంటూ మొదలుపెట్టాను. కానీ కళ్ళు మూసుకోగానే ఆయన మొహం కనబడింది, ఆ క్రేన్లూ, ఆ గాలీ కనబడ్డాయి. ఆయన్ని ఇంటికి పంపమని అడిగాను. ఎవర్ని అడిగానో నాకు ఇప్పటికీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి అత్త కూడా దణ్ణం పెట్టుకుంటోంది.

"ఏటుందే ఇంట్లో?" అంది.

స్టవ్ మీద చోడి పిండితో, అదే రాగి పిండితో, అంబలి కాచాను. గ్లాసు అందించినప్పుడు ఆవిడ చెయ్యి ఆగింది. గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను గ్లాసు వెనక్కి తీసుకోలేదు. అందుకుని, కళ్ళు మూసుకుని తాగింది.

"ఉప్పు తక్కువ" అంది, గ్లాసు దించి.

మర్నాడు ఎండ వచ్చింది. కడిగిన ఊరి మీద అంత ఎండ నేను మళ్ళీ చూడలేదు. ఆయన మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, తల్లి చేతుల్లో కాసేపు ఉండి, పడుకుని నిద్రపోయాడు. ఆవిడ డాబా ఎక్కి సూర్యుణ్ణి తనివితీరా చూసుకుంది. నేను వంటింట్లో నిలబడి ఆవిడ మెట్లు దిగే చప్పుడు వింటున్నాను. నిన్న తాగింది ప్రాణం మీదికొచ్చి తాగింది. ఇవాళ కొడుకు వచ్చేశాడు, సూర్యుడు వచ్చేశాడు. నాతో ఇక పనేముంది? వరండాలోకి వెళ్ళి ఆ కుంపటి ఎత్తుతుందనే అనుకున్నాను. అనుకుంటుంటేనే ఏడుపొచ్చింది.

ఆవిడ వరండా దాటి లోపలికి వచ్చి, నా పొయ్యి పక్కన గోడకి చేరబడి కూర్చుంది.

"మీ పేటలో ఎండు సేపలు ఎలగొండుతారే?" అని అడిగింది.

చెబుదామని నోరు తెరిచాను. పైట చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"సెప్పొద్దులే. వొండిపెట్టు" అంది.