చెవిలో అజాన్, తొడలో సూది

నాకు కోపం ఎక్కువ. మా అమ్మ అదే అనేది, మా ఆయన ఇప్పటికీ అంటాడు, నేనూ కాదనను. అయితే ఆ కోపం వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని అడిగితే మాత్రం, అదిగో, పక్క గదిలో అద్దం ముందు జుట్టు దువ్వుకుంటూ పాడుకుంటోంది చూడండి అని నా కూతుర్ని చూపిస్తాను.

రెండువేల ఆరులో మేము షార్జాలో ఉండేవాళ్లం. మా ఆయన ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో మెకానిక్. ఫ్లాట్‌లో ఒక గది మాది, ఇంకో గది నెల్లూరు అక్కది, ఆమె భర్తది. వంటిల్లు ఉమ్మడి. కడప పక్కనుంచి వెళ్లిన నాకు ఆ అక్క చేపల పులుసు, ఆమెకు నా రాగి సంగటి బాగా అలవాటైపోయాయి. నాకు ఐదో నెల వచ్చాక ఆసుపత్రిలో రక్తం తీశారు. మళ్లీ వెళితే, హెపటైటిస్ బి ఉందన్నారు. కాలేయానికి పట్టే జబ్బట. ఎప్పటినుంచో ఉండి ఉంటుందట, బహుశా నేను పుట్టినప్పుడే మా అమ్మ నుంచి వచ్చి ఉంటుందట. నాకు ఏ నొప్పీ లేదు, ఆకలి కూడా బాగానే వేస్తోంది. ఎవరి గురించో చెబుతున్నట్టు విన్నాను.

డాక్టరమ్మ హిందీలో చెప్పిందంతా విని మా ఆయన ఒకే ప్రశ్న అడిగాడు. "పాసా, ఫెయిలా?"

నవ్వకండి. దుబాయ్ వచ్చినవాళ్లకు, షార్జాలో ఉన్నా మేము దుబాయ్ అనే అంటాం, రక్తపరీక్ష అంటే మెడికల్. మెడికల్ అంటే వీసా. పాసైతే ఉంటారు, ఫెయిలైతే ఇంటికి పంపిస్తారు. బిడ్డ కోసం కూడా రక్తం పరీక్ష చేస్తారని మా గ్యారేజీల్లో, కూలీల క్యాంపుల్లో ఎవరికీ తోచదు. గదిలోకి వచ్చి తలుపు వేశాక మా ఆయన అన్నాడు.

"ఊరికి పోమ్మే. ఈడ ఉంటే నీ వీసా ఖలాస్, నాదీ ఖలాస్. ఆడ మీయమ్మ ఉంటాది, కాన్పు ఆడ్నే చేసుకో. ఈ సంగతి ఎవురికీ చెప్పొద్దు."

విమానం ఎక్కడానికి డాక్టరు చీటీ కావాలంటే మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ కూర్చున్నంతసేపూ ఆయన టికెట్ గురించే మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "నీ గ్యారేజీకొచ్చే డొక్కు పికప్‌కి ఇచ్చే మర్యాద గూడా నాకు లేదా? దాన్నైతే విప్పి చూసి, ఏమైందో కనుక్కోని బాగుచేస్తావు. నన్నేమో చూడకుండానే తోసేస్తాండావు!" అని గట్టిగానే అరిచాను. తెలుగులోనే కదా, ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాను.

వెనకనుంచి ఎవరో పకపకా నవ్వారు. కాన్పుల వార్డులో పనిచేసే నర్సు. గుంటూరు వైపు మనిషి, మెడలో చిన్న సిలువ, మా అమ్మకంటే కాస్త చిన్న వయసు. "ఇంత చక్కటి తిట్లు విని ఎన్నాళ్లైందమ్మాయ్!" అంటూ వచ్చి మా పక్కన కూర్చుంది. సంగతంతా విన్నాక నవ్వడం మానేసింది.

"ఇది వీసా టెస్టు కాదు బాబూ, నీ బిడ్డ కోసం చేసింది," అంది మా ఆయనతో. "కాన్పప్పుడు తల్లినించి బిడ్డకి అంటుకుద్ది. అంత పసిదానికి అంటుకుంటే ఇక జన్మలో వదలదు, పెద్దయ్యాక కాలేయాన్ని పాడుచేసుద్ది. పుట్టగానే రెండు సూదులేస్తే దాదాపు అంటుకోదు. ఒకటేమో జబ్బుతో పోరాడే మందు, వండి పంపిన క్యారియర్ లాంటిది, అప్పటికప్పుడు పనికొచ్చుద్ది. రెండోది టీకా, బిడ్డ ఒంటికే ఆ వంట నేర్పిద్ది. రెండూ కావాలి. మీ ఊళ్లో ఆ వేళకి రెండూ దొరుకుతాయా?"

మా ఆయన నా వైపు చూశాడు. మా ఊరి కాన్పుల ఆసుపత్రిలో అప్పట్లో కరెంటు ఉంటేనే గొప్ప.

"మరి వీసా?" అన్నాడు మెల్లగా.

"వీసా సంగతి నాకు తెలవదు, అబద్ధం చెప్పను. కానీ కాన్పుకొచ్చినోళ్లని ఈ టెస్టు చూసి వెళ్లగొట్టటం నేనైతే ఇన్నేళ్లలో చూళ్లేదు."

"నేను పోను," అన్నాను. అంతే. ఆయన వారం రోజులు అలిగాడు, నేనూ అలిగాను, అన్నం మాత్రం ఇద్దరం కలిసే తిన్నాం.

దాచడం నా వల్ల కాలేదు. ఫోన్‌లో మా అమ్మకు, ఇంట్లో నెల్లూరు అక్కకు చెప్పేశాను. మర్నాడు వంటింట్లో నా కంచం, గ్లాసు వేరే మూల కనిపించాయి. నర్సమ్మ ఇచ్చిన నంబరుకు ఫోన్ కలిపి అక్క చెవి దగ్గర పెట్టాను. కలిసి తింటే అంటుకోదని, రక్తం దగ్గర జాగ్రత్త చాలని నర్సమ్మ ఏమేం చెప్పిందో, అక్క "ఆహాఁ, అట్నా, నాకేం తెలుసు సిస్టర్" అంటూ నిలబడిపోయింది. ఆ సాయంత్రం నా కంచంలోనే చేపల పులుసు వడ్డించి, తన కంచం పక్కనే పెట్టింది. ముల్లు తీసి మరీ పెట్టింది. నేను మాత్రం ఇంకో రెండు రోజులు ముఖం ముడుచుకునే ఉన్నాను, ఊరికే వదిలేస్తే ఎలా?

పాప పొద్దున్నే పుట్టింది. తల నిండా జుట్టు. నా కాన్పు తెలిసి నర్సమ్మ ఆ రోజు డ్యూటీ మార్చుకుని వచ్చింది. పాపకు స్నానం చేయించి, ట్రేలో రెండు సూదులు పెట్టుకుని వచ్చేసరికి మా ఆయన అడ్డం నిలబడ్డాడు.

"ఆగండి సిస్టర్. ముందు అజాన్ కావాల."

బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్, అంటే నమాజు పిలుపు, చెప్పడం మా ఆచారం. లోకంలో బిడ్డ వినే మొదటి మాట అదే కావాలని. అది పడకముందే ఒంట్లో సూది దించడం మా ఆయనకు ఇష్టం లేదు. పైగా ఆ అజాన్ వాళ్ల పెద్దనాయనే చెప్పాలి. ఈయనకు వీసా తెప్పించి, చేయి పట్టుకుని ఆ దేశం తీసుకొచ్చిన పెద్దమనిషి, ఐదు పూటలా నమాజు తప్పనివాడు. దుబాయ్ అవతలి చివర జెబెల్ అలీలో ఫోర్‌మన్. అప్పటికే ట్యాక్సీలో బయలుదేరాడు.

దుబాయ్ నుంచి షార్జా వచ్చే ఆ రోడ్డు ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ట్రాఫిక్‌లో బిడ్డలు పుట్టి, పెద్దయి, పెళ్లిళ్లు కూడా చేసుకోవచ్చని గ్యారేజీలో హాస్యమాడేవారు. ఫోన్ చేసినప్పుడల్లా పెద్దనాయన "వస్తాండా, వస్తాండా" అనేవాడు. పది దాటింది. మధ్యాహ్నమైంది. నర్సమ్మ ట్రే తెచ్చింది, తీసుకెళ్లింది, మళ్లీ తెచ్చింది.

"ఇంకా టైముంది బాబూ, లేదనను," అంది. "కానీ ఎంత తొందరగా వేస్తే బిడ్డకి అంత మంచిది. కూర్చుని టైము పోగొట్టుకునే పని కాదిది."

మా ఆయన మళ్లీ ఫోన్ తీశాడు. పెద్దనాయన ఇంకా దుబాయ్ దాటలేదు. నాలో ఏదో తెగింది. కుట్ల నొప్పి మర్చిపోయి లేచి కూర్చున్నాను.

"అజాన్ నీకు రాదా?"

"వచ్చు."

"మరి నువ్వు చెప్పు!"

ఆయన చేతులు ముందుకు చాపాడు. గోళ్ల చివర గ్యారేజీ ఆయిల్ నల్లగా ఉంది. "నేనామ్మే? ఐదు పూటలా నమాజు గూడా జేసేవాణ్ని కాదు. బిడ్డకు మొదటి మాట నా నోటితోనా?"

అప్పుడు తెలిసింది నాకు. ఇంతసేపూ ఈయన మొండితనం అనుకున్నది మొండితనం కాదు, బిడ్డకు తాను చాలననే భయం. నా గుండె కరిగిపోయింది. గొంతు మాత్రం తగ్గించలేదు.

"నీ బిడ్డకు నువ్వు గాక ఇంకెవురు చెప్పల్ల? అజాన్ చెవిలో పోతాది, సూది తొడలో పోతాది. ఒకదానికొకటి అడ్డమా? రెండూ ఒకేసారి కానీ. యల్లా, తొందరగా!"

మా ఆయన వెళ్లి చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు. పాపను ఎత్తుకుని, మక్కా వైపు తిరగాలంటే ఎటో తెలియక దిక్కులు చూస్తుంటే, "కిబ్లా ఆ కిటికీ వైపు బాబూ," అంది నర్సమ్మ. ఆ గదిలో ఎందరు తండ్రుల్ని చూసిందో ఆమె.

ఆయన పాప కుడిచెవి దగ్గరకు వంగి, గుసగుసగా మొదలుపెట్టాడు. నర్సమ్మ ఒక తొడలో మొదటి సూది వేసింది. పాప ఆసుపత్రి దద్దరిల్లేలా కేక పెట్టింది. ఆయన గొంతు ఆగింది. "ఆపొద్దు!" అన్నాను. రెండో తొడలో రెండో సూది. పాప ఏడుపుకు పోటీగా ఆయన గొంతు పెరిగింది, వణికింది, మళ్లీ నిలబడింది. చివరి మాట దాకా చెప్పాడు. చెప్పి పాపను నా ఒళ్లో పెట్టి, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆ మనిషిని చూసి అంత గర్వం నాకు అంతకుముందు ఎన్నడూ కలగలేదు. పాలు ఇవ్వొచ్చా అని భయపడుతూ అడిగాను. "సుబ్బరంగా ఇవ్వు," అంది నర్సమ్మ. ఇచ్చాను.

పెద్దనాయన సాయంత్రానికి చేరాడు, చెమటతో తడిసి, ఖర్జూరాల డబ్బాతో. అజాన్ అయిపోయిందని తెలిసి కాసేపు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత డబ్బా విప్పి ముందు తానే రెండు తిన్నాడు.

మిగతా టీకాలు ఒక్కటీ తప్పించలేదు. వీసా కూడా రెన్యూ అయింది, ఎవరూ ఏమీ అడగలేదు. కానీ సూదులు పనిచేశాయో లేదో ఏడాది నిండాక పాప రక్తం చూస్తేనే తెలుస్తుందన్నారు. ఆ ఏడాదంతా పాప కళ్లు కాస్త పచ్చగా కనిపించినా వెలుతురులోకి ఎత్తుకెళ్లి చూసేదాన్ని.

రిపోర్టు రోజు మా ఆయన గ్యారేజీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చాడు. నర్సమ్మ కూడా వార్డు వదిలి కిందికొచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి ఏదో అంది. మా ఆయన ఆమెను కాదు, నర్సమ్మను అడిగాడు.

"పాసా, ఫెయిలా?"

"పాసు బాబూ. జబ్బు లేదు, తట్టుకునే శక్తి కూడా వచ్చింది."

ఆయన వరండాలోకి వెళ్లి ఊళ్లో మా అమ్మకు ఫోన్ చేశాడు. ఎవరికీ చెప్పొద్దన్న మనిషే, వరండా అంతా వినేలా "అత్తా, నీ మనవరాలు మెడికల్ పాసైంది!" అని అరిచాడు. ఫోన్ నాకిచ్చాడు. అవతల మా అమ్మ ఏడుస్తోంది. "నువ్వు పుట్టిన పొద్దు ఈ సూదుల సంగతి నాకెవురూ చెప్పలేదు తల్లీ," అంటోంది. "నాకు చెప్పినారు కదమ్మా," అన్నాను.

ఆ జబ్బు నా రక్తంలో ఇప్పటికీ ఉంది, పరీక్షలకు వెళుతూనే ఉంటాను. మా అమ్మ నుంచి నా దాకా వచ్చింది, నా దగ్గర ఆగిపోయింది. ఆపింది నేనే.