లేని బిడ్డకు తెచ్చిన తొట్టెల

పుట్టని బిడ్డను నేను చాలా ఏండ్లు పెంచిన. ఆ బిడ్డకు పేరు పెట్టిన, పండ్లు మొలిపించిన, జ్వరం తెప్పించి తగ్గించిన, బడికి తోలిన. అంతా ఫోన్లనే. ఆ అబద్ధం లోపల పెట్టుకొనే అన్నం తిన్న, నవ్విన, పండుగలు చేసిన. పైకి ఏం కనపడలేదు. ఫోన్ల ఒక్క పేరు కనపడ్డప్పుడు మాత్రం చేతిల పని ఆపి బయటికి పోయి మాట్లాడేదాన్ని.

మీరెవరో నాకు తెల్వదు. నేనెవరో మీకు తెల్వదు. అందుకే చెప్పగలుగుతున్ననేమో. పేర్లు మార్చిన. మిగతాది జరిగింది జరిగినట్టే.

అప్పుడు మేం ఖమ్మంల కిరాయికి ఉండేటోళ్లం. మిర్చి యార్డుకు దగ్గర ఇల్లు, సీజన్ల కిటికీ తెరిస్తే తుమ్ములే. మా ఆయన కరెంటు లైన్‌మన్. నేను ఇంట్లనే జాకెట్లు కుట్టేదాన్ని. మా కాలనీ ఆడోళ్లు ఫోన్ల ఒక గ్రూపు పెట్టుకున్నరు, పోను పోను చుట్టుపక్కల ఊర్లోళ్లు కూడ అండ్ల చేరిన్రు. ఇంట్ల అక్కరలేని సామాను ఫోటో తీసి అండ్ల పెడ్తరు, కావాల్సినోళ్లు పోయి తెచ్చుకుంటరు. అమ్ముడు లేదు, కొనుడు లేదు. నాకు ఆ గ్రూపంటే ఇష్టం. ఎవరింట్లనో మూలకు పడ్డ జాడీ మా ఇంట్ల ఆవకాయకు పనికొచ్చింది. నా పెళ్లినాటి సూట్‌కేసు కాలేజీకి పోయే ఒక పిల్ల తీస్కపోయింది. చేతులు మారుకుంట సామాన్లు మళ్ల బతుకుతుంటే చూడ ముచ్చటేసేది.

మాకు పిల్లల్లేరు. ఖమ్మంల దవాఖానాలు తిరిగినం, విజయవాడ పోయినం. ఆఖరికి మా ఆయనే ఇగ చాలన్నడు. కోపంల కాదు. సూదులతోని కమిలిన నా చెయ్యి తన చేతులకు తీస్కొని, చూస్కుంట అన్నడు. నేను కూడ సరే అన్న. సరే అన్న తర్వాత చాలా రోజులు బాగనే ఉన్న. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏడ్చుడు ఆగిపోయినంక చేసిన తప్పిది.

ఒకరోజు గ్రూపుల కర్ర తొట్టెల ఫోటో వచ్చింది. స్టాండు మీద ఊగేది, కొంగలు చెక్కిన పిడులు. దాంతోపాటు దోమతెర, పసిబట్టల మూట. 'అమ్మాలంటే మనసొప్పలేదు, ఇంట్లో బిడ్డ రాబోతున్నవాళ్లకే ఇస్తాను' అని కింద రాసి ఉంది. పెట్టినామెను ఇక్కడ శారదక్క అనుకుందాం.

నాకు కావాలె అని రాసిన. ఎందుకు రాసిన? చూసొద్దామనా? ఒక్కసారి చేత్తోని ఊపి చూద్దామనా? చెల్లె పిల్లలకని చెప్పుకోవచ్చు అనుకున్నట్టు గుర్తు. కానీ ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పాలని ఇంట్లకెల్లి బయల్దేరిన్నో లేదో కూడ ఇప్పుడు గట్టిగ చెప్పలేను.

గేటు తీసింది శారదక్క. నాకంటే కొంచెం పెద్దది, మధిర దిక్కు మాట. నేను ఆరోజు వదులు డ్రెస్ ఏసుకున్న, మందులకు ఒళ్లు కూడ వచ్చి ఉంది. ఆమె కండ్లు నా పొట్ట మీదికి పోయినయ్.

"ఎన్నో నెలమ్మా?" అన్నది.

"ఐదు" అన్న.

ఒక్క మాట. ఆలోచించి అన్నది కాదు, నోట్లె కాచుకొని ఉన్నట్టు వచ్చింది. ఆమె వెంటనే నా చెయ్యి పట్టుకొని మెట్లెక్కించింది.

"ఎండన పడి ఎందుకొచ్చావమ్మా, ఫోన్ చేస్తే మా ఆయన తెచ్చిచ్చేవాడుగా. కూర్చో. వాంతులున్నయ్యా?"

"తగ్గినయక్కా."

"మొదటిదా?"

"అవ్."

"భయపడకు. నాకూ మొదటిదానికి చాలా ఆలస్యమైంది. ఎన్ని మాటలు పడ్డానో."

మజ్జిగిచ్చింది. పులిహోర పెట్టి, తినేదాక పక్కన్నే కూర్చుంది. బట్టల మూట ఇప్పి, ఏ చొక్క ఏ పిల్లదో, ఏది ఉతికితే మెత్తబడ్డదో చెప్పింది. పోయేముందు బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతుల పెట్టి, నా పొట్ట మీద చెయ్యేసి "చల్లగా ఉండాలి" అన్నది.

దాచకుంట చెప్త. ఆ గంటసేపు నాకు సిగ్గు కాలేదు. సంతోషమైంది. అంత సంతోషం నాకు అంతకుముందు లేదు. ఎన్నిసార్లు ఎంతమంది సీమంతాలకు పోయి గాజులు తొడిగి వచ్చిన, నన్ను ఎవరన్న గట్ల కూర్చోబెట్టిన్రా? నాది కానిది తీస్కుంటున్నని తెల్సు. తెల్సి కూడ పులిహోర ఇంకొంచెం పెట్టించుకున్న.

ఆటోల తొట్టెల కాళ్ల కాడ పెట్టుకొని పోతుంటే ఫోన్ చూసిన. గ్రూపుల ఎర్రుపాలెం ఆమె ఎవరో అడిగింది. 'అక్కా, నాకు ఎనిమిదో నెల, తొట్టెల ఉందా, బస్సుకు వస్త' అని. 'ఇప్పుడే ఒకమ్మాయి తీసుకెళ్లిందమ్మా' అని శారదక్క రాసింది. ఆటో ఆపమంటే ఆగేది. నేను ఫోన్ సంచిల పెట్టిన. నా తప్పుల చిన్నది ఏది, పెద్దది ఏది అని ఎప్పుడన్న లెక్క తీస్తే, శారదక్కకు చెప్పిన అబద్ధం కంటే ఇదే ముందుకొస్తది. ఆమె ఎవరో ఇప్పటికీ తెల్వదు. ఆమె బిడ్డ చీరె కట్టిన ఊయలలనే పెరిగి ఉంటది, బాగనే పెరిగి ఉంటది. అయినా అది నేను అనుకోవాల్సిన మాట కాదు.

ఇంటికి తెస్తే ఎవరికని మా ఆయన అడిగిండు. చెల్లెకన్న. ఇంకేం అడగకుంట సజ్జ మీద పెట్టిండు.

నెలలు గడిచినంక శారదక్క ఫోన్ చేసింది. పురుడయ్యిందా అని. లేదు, పోయిందని చెబితే అక్కడికి అయిపోయేది. ఆ మాట అందామనే నోరు తెరిచిన. రాలేదు. లేని పిల్లనైనా నా నోటితోని చంపలేకపోయిన. "పాప అక్కా" అన్న. పేరేందంటే "మేఘన" అన్న. బిడ్డ పుడితే పెట్టుకోవాలని పెళ్లయిన కొత్తల అనుకున్న పేరది. శారదక్క అవతల సంతోషం పట్టలేక నవ్వింది. ఇంటికొచ్చి చూస్తానంటే, పుట్టింట్ల ఉన్నన్న.

అదే ఏడాది మా ఆయనకు పర్ణశాల దిక్కు బదిలీ అయ్యింది. తప్పించుకున్న అనుకున్న. గోదారొడ్డు, అడివి గాలి, తెల్లారితే నెమళ్ల అరుపులు. నాకు ఆ ఊరు వచ్చీరాంగనే నచ్చింది. మిషన్ వరండాల ఏసుకున్న. గుళ్లెకు వచ్చిపోయే జనం, పక్క గూడేల ఆడోళ్లు అందరూ మా వాకిట్లకెల్లే పోయేటోళ్లు.

గట్ల కలిసింది సమ్మక్క. అడివిల కోయగూడెం వాళ్లది. చింతపండు, తేనె తెచ్చి అమ్మేది. వీపుకు బట్టతోని పసిపిల్లను కట్టుకొని వచ్చేది. ఒకనాడు పిల్లను దించి నీళ్లు తాగుతుంటే చూసిన, ఒళ్లంత దోమకాట్లు. లోపలికి పోయి దోమతెర తెచ్చిన. వెనకనే తొట్టెల, బట్టల మూట కూడ తెచ్చి ముంగట పెట్టిన.

సమ్మక్క వాటిని ముట్టుకోలేదు. "ఊకెనే ఎందుకిస్తున్నవ్?" అని అడిగింది.

"నాకు అక్కర పడలేదు" అన్న. ఇన్నేండ్లల్ల ఆ తొట్టెల గురించి నేను అన్న ఒకే ఒక్క నిజం అది.

తీస్కపోయింది. తర్వాత వారానికోసారి ఏదో ఒకటి తెచ్చేది, బీరకాయలో, సీతాఫలాలో. వద్దంటే వినేది కాదు. నేను ఆమె రవికెలు కుట్టిచ్చేదాన్ని. ఆ పిల్ల గంగి, వాళ్ల నాయనమ్మ పేరు, మా వాకిట్లనే పాకింది, నడిచింది, నన్ను పెద్దమ్మా అన్నది. తప్పుకెల్లి గింత మంచి ఎట్ల మొలిచిందో నాకు తెల్వదు. నేను ఆ మంచిని వాడుకున్న. అదే రెండో తప్పు.

శారదక్క ఒక్క ఫోటో పంపమన్నది. చాలాసార్లు తప్పించుకున్న. ఒకనాడు సమ్మక్క గుడిసెకు పోయినప్పుడు గంగి తొట్టెల పిడి పట్టుకొని నిలబడి నవ్వుతుంటే ఫోటో తీసిన. తీసినప్పుడు నాకే అనుకున్న. ఇంటికొచ్చినంక శారదక్కకు పంపిన. ఆమె గొంతు రికార్డు చేసి పంపింది. ఏడ్చుకుంట మాట్లాడింది. మా పిల్లల ఉయ్యాలే, నా తల్లి ఎంత చక్కగుందో అని. అది విని నేను మా ఆయనకు కూర ఏసి, ఏం కానట్టు పెరుగన్నం తిన్న.

తర్వాత ఏడాదికోసారి ఫోటో పోయేది. కొత్త గౌనుల, బడి డ్రెస్సుల, ముందు పండ్లు ఊడినప్పుడు. పిల్ల సమ్మక్కది, పేరు నాది, తొట్టెల శారదక్కది. ముగ్గురిల నేనొక్కదాన్నే మొత్తం తెల్సినదాన్ని. అమ్మనని చెప్పుకున్న, కానీ గంగికి జ్వరమొచ్చిన రోజు సమ్మక్క దాన్ని ఎత్తుకొని దవాఖానాకు నడుస్తుంటే నేను పక్కన ఉత్త చేతులతోని నడిచిన. ఆరోజే ఆపాల్సింది. ఆపలేదు.

పోయిన ఎండాకాలం బయటపడ్డది. సమ్మక్క నా వరండాల కూర్చొని చింతపండు గింజ తీస్తున్నది. గంగి నా ఫోన్ తోని ఆడుకుంట ఏదో నొక్కింది. శారదక్క ఎప్పుడో పంపిన రికార్డు గట్టిగ మోగింది. మేఘనా, పుట్టినరోజు శుభాకాంక్షలు బంగారం, ఫోటోలో పొడుగయ్యావే అని.

"పెద్దమ్మా, మేఘన ఎవరు? ఇందుల నా ఫోటో ఉంది" అన్నది గంగి.

గంగిని ఆడుకోపొమ్మని పంపిన. సమ్మక్కకు చెప్పిన. గేటు కాడి ఐదో నెల నుంచి మొత్తం చెప్పిన. ఆమె చేతులు ఆగలేదు, గింజలు తీస్కుంటనే విన్నది. నేను ఆపినంక మాట్లాడింది.

"నీకు పిల్లల్లేరని నాకు బాధుండె. గంగి నీ దగ్గర తిరుగుతదంటే మంచిగనే అనిపించేది. కానీ దానికి పేరుంది. వేరే పేరు పెట్టి ఎవరికో చూపిస్తివి. నన్ను అడగకపోతివి."

"అడగలేదు."

"ఇంకోసారి పంపకు. ఆమెకు కూడ చెప్పు."

అంతే అన్నది. పర్వాలేదు అనలేదు. మర్నాడు రాలేదు, ఆ వారం రాలేదు. తర్వాత గంగితోటే వచ్చింది, చిక్కుడుకాయలు తెచ్చింది. ఆ సంగతి మళ్ల ఎత్తలేదు. మా నడుమ ఏదో కొంచెం జరిగింది, కుర్చీని పక్కకు జరిపినట్టు. అయినా ఇద్దరం కూర్చోగలుగుతున్నం.

శారదక్కకు చెప్పేటందుకు వానలు పడేదాక పట్టింది. ఫోన్ చేసి, మధ్యల ఆపొద్దని ముందే చెప్పి, చెప్పిన. ఐదో నెల లేదక్కా. మేఘన లేదు. ఫోటోల ఉన్నది గంగి, సమ్మక్క బిడ్డ. తొట్టెల మంచి చోటికే పోయింది, కానీ మీరు ఎవరికని ఇచ్చిన్రో ఆ మనిషి నేను కాదు. తర్వాత ఆమె, "కుక్కర్ పెట్టానమ్మా, మళ్లీ మాట్లాడతా" అన్నది. మాట్లాడలేదు. నేను కూడ చెయ్యలేదు. ఆమె దేవుని ముందు ఇన్నేండ్లు ఆ పేరు తల్చుకొని ఉంటది. దాన్ని నేను ఎట్ల వాపస్ ఇస్త?

మా ఆయనకు ఆ సాయంత్రమే చెప్పిన. తడిసిన చొక్క ఆరేసుకుంట విన్నడు. "చెల్లెకు కాదని అప్పుడే తెల్సు" అన్నడు. ఎందుకు అడగలేదంటే, "ఏమని అడగాలె?" అన్నడు. ఇద్దరం చాయ్ తాగినం.

ఎవరూ నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు కూడ. అయినా ఈ వానాకాలం నేను బాగున్న. జాకెట్లు కుడుతున్న, గోదారి నిండుగ ఉంది, ఆకలి మంచిగ అయితున్నది. మొన్న భద్రాచలం పోయే బస్సుల పక్క సీటు పెద్దామె పిల్లలెంతమందమ్మా అని అడిగింది.

"లేరమ్మా" అన్న.

ఆమె కొంగుముడి ఇప్పి ఇన్ని పల్లీలు నా చేతుల పోసింది. బస్సు దిగేదాక తిన్నం.