గోడలో పడవ

బీచ్‌రోడ్డులో ఓ బొమ్మలేసే ఆయన కట్టించిన అపార్ట్‌మెంటుంది. గోడలు కెరటాల్లాగ వంకర్లు తిరిగుంటాయి. ఊళ్లు సూడ్డానికొచ్చినోళ్లు ఆగి ఫొటోలు తీసుకుంటారు. గేటుపక్క గోడలో పాత పడవ ముక్కు అతికించేరు. అది సేపలమ్మే నూకాలు మొగుడి పడవది. తుపానుకి పడవొక్కటే ఒడ్డుకొచ్చింది, మనిషి దొరకలేదు. దొరకలేదు కాబట్టి నూకాలు బొట్టు తియ్యలేదు. పెతీ శుక్కురారం గంప దించి, సెంగుతో ఆ సెక్క తుడిసి, పసుపు రాసి బొట్టెట్టేది. పడవకి ముత్తయిదువే బొట్టెట్టాల మరి.

"గోడలో పడవ సేపల ఏటకెళ్తాదేటే అప్పా?" అని వాచ్‌మేన్ కొండలరావు ఏడిపించేవోడు.

"నువ్వు కుర్సీలోంచి లేసిన్నాడు ఎళ్తాదిలేరా" అనేది.

ఈమద్దినే కులపెద్దలు ఇంక రాడని సెప్పి నూకాలు మొగుడికి కర్మ సేయించేసేరు. మొన్న శుక్కురారం నూకాలు బొట్టు లేకుండా వచ్చింది. సెక్క తుడిసింది గానీ పసుపు ముట్టుకోలేదు. ఫొటో తీసుకుంటన్న ఓ అమ్మాయి మెళ్లో పుస్తెలు సూసి, కుంకం బరిణి సేతికిచ్చి, "నువ్వెట్టమ్మా" అంది. ఇదేదో ఇక్కడి ఆచారమనుకుని ఆ అమ్మాయి నవ్వుకుంటా పెట్టింది.

కొండలరావు కుర్సీలోంచి లేసొచ్చి గంప నూకాలు నెత్తికెత్తేడు.

"ఇకమీద ఎవులో ఒకమ్మని అడిగి ఎట్టించరా" అంది నూకాలు. "నా సెయ్యి పనికిరాదంట."