కొత్తగూడ పప్పు, కళ్యాణి పీహెచ్‌డీ

కళ్యాణికి ఇంటర్వ్యూ అంటే బెరుకు లేదు. ఎం.ఫార్మసీలో ఫస్టు క్లాసు, జీడిమెట్ల మందుల కంపెనీలో ఉద్యోగం, ఎంట్రెన్సులో మంచి ర్యాంకు. ఫార్మకాలజీలో పీహెచ్‌డీ సీటు తనకు కాక ఇంకెవరికొస్తుందన్న ధీమా. అందుకే ఆ పొద్దున కూడా కొత్తగూడ చౌరస్తాలో తెలంగాణ కోసం పెట్టిన వంటావార్పుకు వెళ్లింది. నడిరోడ్డు మీద పొయ్యి రాజేసి, పప్పులో ఉప్పేసి, గరిటె తల్లి యాదమ్మ చేతికిచ్చి గచ్చిబౌలి దగ్గరి కాలేజీకి నడిచింది. యాదమ్మ హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఊడ్చే మనిషి. సమ్మె అంటే మాత్రం ఆవిడే ముందు వరస.

కాలేజీలో కాబోయే గైడు పద్మావతి మేడం ముఖం వాడిపోయి ఉంది.

"ఇంటర్వ్యూ చెయ్యడానికి కర్నూలు నుంచి రావాల్సిన ఎక్స్‌టర్నల్ సార్ రాలేదమ్మా. కొత్తగూడలో కారు ఆపేశారట. ఆయన లేకుండా ఇంటర్వ్యూ జరగదు. అడ్మిషన్లకు ఇవాళే ఆఖరు."

కళ్యాణికి అప్పుడు తట్టింది. తన సీటుకు తానే అడ్డంగా పొయ్యి పెట్టుకుంది! వరండాలోకి పరుగెత్తి తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆడ కర్నూలు సారు కారు ఆగిందా? జర జల్ది ఇడిసిపెట్టుండ్రి!"

"తినకుండ ఎట్ల పంపుతం బిడ్డా? వంటావార్పు కాడికొచ్చినోళ్లు విస్తరి ముందల కూసోవాల్సిందే. ఫికర్ చెయ్యకు."

తిన్నాకే వచ్చారు ఎక్స్‌టర్నల్ వెంకటనారాయణ గారు, చొక్కా మీద పసుపు మరకతో.

"మొదటి ఏడాది కోర్సు వర్కుంటుంది. రీసెర్చ్ మెథడాలజీ, స్టాటిస్టిక్స్. హాజరు తగ్గినా, పేపరు పోయినా రిజిస్ట్రేషన్ రద్దు. నువ్వు క్లాసుకొస్తావా, ఉద్యమానికి పోతావా?"

ఒక్క అబద్ధమాడితే గండం గడిచేది. ఆ అబద్ధం కళ్యాణి నోటికి రాలేదు.

"క్లాసుకొస్త సార్. క్లాసయినంక ఉద్యమానికి పోత. మీరు తిన్న పప్పు పొద్దున నేనే పొయ్యి మీద పెట్టిన."

పద్మావతి మేడం కళ్లు మూసుకుంది.

"ఉప్పెక్కువైంది" అన్నారాయన. "నాకు బీపీ. నీళ్లు పోయే మాత్ర వేసుకుంటాను. ఇప్పుడది ఏం చేస్తుందో చెప్పు."

కళ్యాణి ముఖం వెలిగిపోయింది.

"కిడ్నీలు ఉప్పును మళ్ల రక్తంలకు తీసుకోకుండ ఆపుతది సార్. ఉప్పు బయటికి పోతది, దాని వెంబడి నీళ్లు పోతయి, బీపీ దిగుతది. రోజూ గింత ఉప్పు తింటే మాత్ర ఒక్కటే ఏం చేస్తది సార్?"

ఆయన వదల్లేదు, ప్రశ్న మీద ప్రశ్న వేశారు. ఆమె కూడా తగ్గలేదు. చివరికి నవ్వి, "జీడిమెట్ల ఉద్యోగం మానేసి చేరమ్మా. కోర్సు వర్కు దగ్గర మాత్రం నేను జాలి చూపను" అంటూ సంతకం పెట్టారు.

బయటికొచ్చి గబగబా తల్లికి ఫోన్ చేసింది.

"సీటొచ్చిందే అమ్మా! పప్పుల ఉప్పెక్కువైందన్నడు సారు."

"అయ్యో, నువ్వు ఏసింది తెల్వక నేను గూడ ఏసిన" అని నొచ్చుకుంది యాదమ్మ. అంతలోనే గొంతు పెంచింది. "మరి రెండుసార్లు అడిగి ఏయించుకున్నడేంది?"