హెల్మెట్ తియ్యని శనివారాలు

మా మేనత్త పోయిన సంగతి నాకు చర్చి వాట్సాప్ గ్రూపు చెప్పింది. నిజామాబాద్ ఆసుపత్రిలో ఆమె పక్కన ఉన్న మా చెల్లెలు ముందు పాస్టరయ్యగారికి ఫోన్ చేసిందట, ప్రార్థన చేస్తారని. చెల్లెలు నాకు చేసేలోపే గ్రూపులో తెల్లపూల మధ్య మేనత్త ఫోటో వచ్చేసింది. కింద 'ప్రభువునందు నిద్రించిన మా ప్రియ సువార్తికురాలు' అని రాశారు. ఎంత ప్రియమో నాకు తెలుసు. నాలుగేళ్ల కింద ఆమెను సేవలోంచి తీసేసిన కమిటీ అది. ఆ కమిటీకి కార్యదర్శిని నేను. తీసేస్తున్నామని ఉత్తరం రాసిన చెయ్యి కూడా నాదే.

సమాధి రోజున ఆమె జీవిత చరిత్ర చదివే పని నాకే పడింది. నా దస్తూరి బాగుంటుందని, హెడ్మాస్టర్‌ను కాబట్టి గొంతు వణకదని పెద్దల నమ్మకం. "పాత ముచ్చట్లు తియ్యకు సార్, మంచియి రెండు రాయి సాలు" అన్నాడు ఒక పెద్దాయన, నా భుజం తట్టి. నేను మంచివి రెండు రాశాను. గొంతు వణకలేదు. ఒక పేరా వదిలేశాను. ఆ పేరా ఇది.

మా చర్చిలో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ఆడమనిషిని బైబిల్ స్త్రీ అంటారు. పెళ్లయిన రెండేళ్లకే మామయ్య పోతే, మేనత్త బోధన్‌లో ఆ పనికి కుదిరింది. ఇళ్లకు వెళ్లేది కానీ ఆమె మనసంతా బస్టాండ్ మీదే. ప్రతి శనివారం పొద్దున స్టీలు క్యాన్‌లో జొన్న అంబలి, కొంగున ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు కట్టుకుని పోయేది. ఖాళీ యూరియా సంచి ఒకటి నేల మీద పరుచుకుని కూర్చునేది. చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు, బస్సు తప్పిపోయినవాళ్లు, ఎటు పోవాలో తెలియనివాళ్లు ఆమె చుట్టూ చేరేవారు.

"నిలవడి చెప్తె అది ఉపన్యాసం బిడ్డా, కూసోని చెప్తెనే ముచ్చట" అనేది నాతో. "ముందుగాల తిన్నవా అని అడుగు. దేవుని పేరు ఎన్కసిరి తియ్యి. ఆయనకేం తొందర లేదు."

మా పెద్దలకు మాత్రం తొందర. ఏటా క్రిస్మస్ ముందు వాళ్లకు వీధి సువార్త గుర్తొస్తుంది. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు, బ్యానరు, చేత్తో పట్టుకునే బ్యాటరీ మైకు, ఫోటోలు తీసేవాడు. అన్నీ ఉంటాయి, బస్టాండ్‌లో పడుకునేవాళ్ల పేర్లు తప్ప. మేనత్తను తీసేసిన సంవత్సరం నేనూ ఉన్నాను, బ్యానరుకు ఎడమ చివర.

ఒక రగ్గును ఆరుగురం పట్టుకున్నాం. తీసుకునేవాడు ఒక్కడే. నాందేడ్ వైపు నుంచి చెరుకు నరకడానికి వచ్చి, కత్తి కాలికి దిగితే ముఠా వదిలేసిపోయిన మనిషి. కుంటుతాడు, తాగుతాడు. మేనత్త క్యాన్ దగ్గర ఎప్పుడూ మొదటి గ్లాసు అతనిదే. రగ్గు ఇచ్చాం. ఫోటోలో ఎవరివో కళ్లు మూసుకున్నాయట, వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చాం. రెండోసారి బ్యానరు మీద అక్షరాలు పడలేదు, మళ్లీ తీసుకున్నాం. మూడోసారికి అతనే చేతులు జోడించి, "దేనా హై తో దేదో సాబ్, థండీ హై" అన్నాడు. ఇచ్చేదుంటే ఇచ్చెయ్యండి, చలిగా ఉందని. అందరూ నవ్వారు. ఏం నవ్వో అది! నేనూ నవ్వాను.

అదే రోజు బ్యాటరీ మైకు మాయమైంది. పాత సామాన్ల కొట్లో దొరికింది, అమ్మింది ఈ కుంటివాడే. దయ గురించి పొద్దుటినుంచి అరిచి గొంతులు పోగొట్టుకున్న మా పెద్దలు నేరుగా పోలీస్ స్టేషన్‌కు నడిచారు. మేనత్త వాళ్లకంటే ముందే చేరుకుని, "మైకు నేనే ఇచ్చిన సార్, వాని తప్పు లేదు" అని చెప్పింది. బైబిల్ స్త్రీ చెప్తే పోలీసులేమంటారు, వదిలేశారు.

కమిటీ కూర్చుంది. ఎప్పుడూ సమయానికి రానివాళ్లు కూడా ఆ రోజు పది నిమిషాలు ముందే వచ్చారు. చర్చి జాగాలో షాపు ఎవరి బావమరిదికి పోయిందో అడిగితే నీళ్లు నమిలే మనిషి, సత్యం గురించి మాట్లాడాడు.

"నిజం చెప్పమ్మా, మైకు నువ్వే ఇచ్చినవా?"

"లే. వాడే ఎత్తుకపోయిండు."

"మరి స్టేషన్ల అబద్ధమెందుకాడినవ్?"

"ఆడిన. తప్పే. దేవుని దగ్గర నేను చెప్పుకుంట," అంది మేనత్త. "వాని మొఖం పెట్టుకొని మీరు మూడుసార్లు ఫోటో దిగిండ్రు. వాడు మైకు ఒక్కపారే తీసిండు."

అంతే, కొంపలంటుకున్నాయి. అబద్ధమాడిన మనిషి వాక్యం ఎలా చెప్తుందన్నారు. ఉత్తరం రాయమని నా ముందు కాగితం పెట్టారు. ఆ గదిలో ఆమె రక్తసంబంధం నేనొక్కడినే. నేను వద్దంటే ఆగేది. కానీ వచ్చే ఏడు కూడా కార్యదర్శిగా నేనే ఉండాలని అనుకుంటున్నాను అప్పుడు. గుండ్రని అక్షరాలతో, మార్జిన్ వదిలి, 'అసత్యమాడిన కారణమున' అని రాశాను. ఆ పదవి ఏం పదవి అనుకుంటున్నారు? బీరువా తాళంచెవి, పండుగనాడు ముందు వరసలో కుర్చీ. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి కూడా.

మరుసటి రోజు నేను మొహం చాటేస్తే, ఆమే మా ఇంటికి వచ్చింది. ఉత్తరం చేతిలోనే ఉంది. "మంచిగ రాసినవ్ అల్లుడా, అద్దాలు లేకున్నా చదువొచ్చింది" అంది. వెటకారమేమోనని మొహం వెతికాను, లేదు. వెటకారం మా నాన్న నుంచి నాకే పూర్తిగా వచ్చింది, ఆమె వాటా కూడా. తర్వాత అంది, "చర్చి పని పోయింది గని అంబలి పోలే గద. మోకాళ్లు నొస్తున్నయ్. శనివారం జర నీ బండి మీద బస్టాండ్ కాడ దించు."

కాదనలేకపోయాను. నాలుగేళ్లు దించాను. వినడానికి బాగుంది కదా? అసలు సంగతి వినండి. చర్చివాళ్లు చూస్తే తీసేసిన మనిషిని నేనే తిప్పుతున్నానని అంటారేమోనని హెల్మెట్ తీసేవాణ్ని కాదు. ఆమె దిగి, సంచి పరిచి, అందరికీ పోసి, వాళ్ల ముచ్చట్లన్నీ విని లేచేదాకా గంటకు పైనే పట్టేది. నేను టికెట్ కౌంటర్ స్తంభం పక్కన, ఏప్రిల్ ఎండలో కూడా, అద్దం దించిన హెల్మెట్‌తో నిలబడేవాణ్ని. చెమట మెడ మీదుగా కారేది. ఒకరోజు ఎవరో నన్ను బ్యాంకు సెక్యూరిటీ అనుకుని ఏటీఎం ఎక్కడని అడిగారు. బడిలో పిల్లలకు ధైర్యం గురించి పాఠం చెప్పే హెడ్మాస్టర్‌ను నేను.

ఆమె ఎప్పుడూ తియ్యమనలేదు. బండి ఎక్కేటప్పుడు నా వీపు మీద చెయ్యి వేసి, "పోదాం నడువు" అనేది. ఉత్తరం మాట మళ్లీ ఎత్తలేదు. నేను కూడా క్షమించమని అడగలేదు. వచ్చే శనివారం అడుగుదాం అనుకుంటూ వచ్చాను. జ్వరమని ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా ఇంటికొచ్చాక అడుగుదాం అనుకున్నాను. ఇంటికి పెట్టెలో వచ్చింది.

సమాధుల తోటలో ముగ్గురు పెద్దలు మాట్లాడారు. ముగ్గురూ ఆమె దయను పొగిడారు. కుంటివాడు ఎలా తెలుసుకున్నాడో వచ్చాడు, గేటు దగ్గర నిలబడ్డాడు. "ఇప్పుడు కాదు, అందరు పోయినంక రా" అని ఒక పెద్దాయన చేత్తో సైగ చేసి పంపేశాడు. పిడికెడు మన్ను వెయ్యనిస్తే ఏం పోయేది? నేను చూశాను. చేతిలో జీవిత చరిత్ర కాగితం ఉంది, ఆమె దయ గురించిన వాక్యం దగ్గరే వేలు పెట్టుకుని ఉన్నాను.

గ్రూపులో వచ్చిన ఆ ఫోటో ఎక్కడిదో తర్వాత గుర్తుపట్టాను. రగ్గు ఫోటోలో ఒక మూలన క్యాన్ పట్టుకుని నిలబడ్డ ఆమెను కత్తిరించి తీశారు. ముప్పై ఏళ్ల సేవకు చర్చి దగ్గర ఆమెది ఇంకో ఫోటో లేదు.

ఆ తర్వాతి శనివారం మా ఆవిడతో అంబలి కాయించుకుని, ఉల్లిగడ్డలు రుమాల్లో కట్టుకుని నేను ఒక్కణ్నే వెళ్లాను. స్తంభం దగ్గర బండి ఆపి చాలాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత హెల్మెట్ తీశాను. కుంటివాడు యూరియా సంచి తెచ్చి అప్పటికే పరిచి ఉంచాడు. నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఈ నాలుగేళ్లలో నేర్చిన తెలుగులో అడిగాడు.

"హెల్మెట్ సారువి గద నువ్వు?"

"అవును."

"కండ్లు మంచిగైనయా సార్?"

నాకు అర్థం కాలేదు. "కండ్లకేమైంది?" అన్నాను.

"అవ్వ చెప్పింది గద. మా అల్లునికి కండ్లు బాగలేవు, ఎండ తగలనియ్యొద్దన్నడు డాక్టర్, అందుకే టోపీ తియ్యడు, ఏమనుకోకుండ్రి అన్నది. నాలుగేండ్లాయె, మేమందరం నీ కండ్ల కోసం ప్రార్థన జేస్తున్నం."

ఏ అబద్ధానికి ఆమెను తీసేశానో, అదే పని నా కోసం కూడా చేసింది. నాలుగేళ్లు, శనివారం శనివారం. నేను మంచిగైనయని చెప్పాను. చెప్పి ఏడ్చాను. అతను అది ఎండకు అనుకున్నట్టున్నాడు, సంచి మీద పక్కకు జరిగి నన్ను నీడలోకి లాగి కూర్చోబెట్టాడు. గ్లాసు కడిగి నాకే ముందు పోశాడు. ఉల్లిగడ్డలు దొర్లిపోతుంటే, నా హెల్మెట్ వెల్లకిలా తిప్పి నేల మీద పెట్టి, ఒక్కొక్కటే ఏరి అందులో వేశాడు.